మేస్త్రి జేబులో నా కాగితం

మా వాళ్ళు చెప్పేది అబద్ధం. పెళ్ళిలో నలుగురు చేరితే చాలు, జమ్మలమడుగులో మా చిన్నాయన మరమగ్గాల షెడ్డులో పారిన నెత్తురు మాట ఎత్తుతారు. ప్రొద్దుటూరు లేత్ మేస్త్రి ఇనుము తప్పు కోయబట్టే మగ్గంలో నూలు మోసే నాడె ఎగిరి చిన్నమ్మ తమ్ముడి కన్ను పోయిందని, చిన్నాయన ఆ మేస్త్రిని కొట్టింది న్యాయమేనని తీర్పు చెప్పి పాయసం తాగుతారు. పోయిన వారం ఆ మేస్త్రి చనిపోయాడని తెలిసి ప్రొద్దుటూరు వెళ్ళాను. ఆయన భార్య నన్ను కూర్చోమనలేదు. ట్రంకు పెట్టెలోంచి నూనె మరకలు పడ్డ కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అందులో గీసింది నేను. కింద సంతకం నాది.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో సంగతి. పులివెందులలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పడం అప్పుడే మొదలుపెట్టాను. ల్యాబులో యంత్రాలను తెరమీద ఆడించి చూపే సాఫ్ట్‌వేర్ ఉండేది, అది నేర్చుకున్నాక నా కాలు నేలమీద ఆనేది కాదు. మరమగ్గంలో నాడెను అటూ ఇటూ కొట్టే కర్ర ఒకటుంటుంది. దాన్ని కదిలించేది ముక్కున్న ఇనుప చక్రం, అంటే క్యామ్, దాని అంచు మీద దొర్లే రోలరు. ఆ ముక్కు ఆకారం మారిస్తే మగ్గం ఇంకా వేగంగా ఆడుతుందని చిన్నాయనకు మాట ఇచ్చేశాను. తెరమీద క్యామ్ అంచు ఒక వంపు, రోలరు అంచు ఇంకో వంపు. రెండూ ఎల్లవేళలా తాకుతూనే ఉండాలని నిబంధన పెట్టాను. ఎంత వేగం పెంచినా రోలరు క్యామ్‌ను విడవలేదు. విడవకూడదని కట్టేసింది నేనే అయినప్పుడు అదెట్లా విడుస్తుంది? విడిపోయే వీలిచ్చి, స్ప్రింగు బలాన్ని లెక్కలోకి తెచ్చి చూసే పద్ధతి కూడా అందులోనే ఉంది. దానికి కంప్యూటర్ గంటలు తీసుకునేది, నాకు ఓపిక లేకపోయింది.

ఏడో తరగతి దాటని మేస్త్రికి మాత్రం ఆ సంగతి తట్టింది. నేను గీసి తీసుకెళ్ళిన కాగితాన్ని వెలుతురుకు పెట్టి, ముక్కు గీతను వేలితో తడిమి చూశాడు.

"పాపా, ఈ ముక్కు శానా నిటారుగా ఉండాది. స్పీడుకు రోలరు ఎగిరెగిరి దంచుతాది."

"కంప్యూటర్లో యాడా ఎగర్లేదు మామా. రెండూ ఇడవకుండా కట్టేసి సూసినా."

"ఆడ నువ్వు కట్టేసినావు. ఈడ ఇనుమును ఎవురు కట్టేస్తారు?"

"నువ్వు ఎమ్‌టెక్ ఎప్పుడు సదివినావు మామా? గీసింది గీసినట్టు కొయ్యి, సాలు."

నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు.

క్యామ్ బిగించడానికి మేస్త్రే షెడ్డుకు వచ్చాడు, చూడ్డానికి నేనూ వెళ్ళాను. మగ్గం కాసేపు బాగానే ఆడింది. వేగం పెంచగానే రోలరు లేచి పడే చప్పుడు, సుత్తితో తల పగలగొడుతున్నట్టు. మేస్త్రి ఆపమని అరిచేలోపే కర్ర అదుపు తప్పి కొట్టింది, కొసలకు ఇనుము తొడిగిన నాడె పోగుల్లోంచి దూకి, మగ్గం నేస్తున్న చిన్నమ్మ తమ్ముడి ఎడమకంట్లో దిగబడింది. అతను ముఖం పట్టుకొని మగ్గం మీదికి ఒరిగాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు తెల్లటి పడుగు పోగుల మీద కారింది. పక్క మగ్గాలు ఆపాలని ఎవరికీ తోచలేదు, అవి టకటకా ఆడుతూనే ఉన్నాయి. అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చిన్నాయన మాత్రం ఆ కొట్టే కర్రనే ఊడబెరికి మేస్త్రి మీద పడ్డాడు.

"ఏంది కోసినావురా నా కొడకా! ఏంది కోసినావు!"

భుజం మీద, వీపు మీద, తర్వాత అడ్డం పెట్టిన కుడి మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు అంత మోతలోనూ వినబడింది. కిందపడ్డ మేస్త్రి ఎడమచెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. కాగితం బయటికి తీస్తే చాలు, కొలతలే సాక్ష్యం చెప్పేవి. నా వైపు చూశాడు. చెయ్యి జేబు మీంచి తీసేశాడు. ఇంకో దెబ్బ పడింది. ఎవరితోనైనా వాదించి గెలిచే నా నోరు ఆరోజు పెగల్లేదు.

మణికట్టు వంకరగా అతుక్కుంది, లేత్ మిషన్ అమ్ముడుపోయింది. తర్వాత ఆయన కమలాపురం బస్టాండులో ఎడమచేత్తో గొడుగులు బాగుచేస్తూ కనిపించేవాడు. బస్సు అక్కడ ఆగిన ప్రతిసారీ నేను అవతలి కిటికీకి జరిగేదాన్ని.

ఇప్పుడు ఆ మగ్గాలు లేవు, పాత ఇనుముకు పోయాయి. ఆ షెడ్డే ఫంక్షన్ హాలైంది, నెత్తురు పడ్డ చోట బంతి భోజనాలు వడ్డిస్తున్నారు. మా కాలంలో గంటలు పట్టిన లెక్క ఇప్పటి పిల్లలు టీ చల్లారేలోపు ముగిస్తారు. ఆ నిబంధన తీసేసి, రోలరు ఎగరడానికి వీలిచ్చి మళ్ళీ చెయ్యమంటాను. చేస్తారు, ఎందుకని మాత్రం ఒక్కరూ అడగరు.

వచ్చే ఆదివారం ఆ హాల్లోనే మా వాళ్ళ పెళ్ళి. మళ్ళీ ఆ కథ ఎత్తుతారు, ఈసారి కాగితం వాళ్ళ విస్తళ్ళ పక్కన పరుస్తాను. తిడతారు, తిట్టనీ. అదంతా నేను పడగలను. కానీ మామా, జేబు మీద పెట్టిన చెయ్యి ఎందుకు తీసేసినావు?