బొగ్గులాంటి చేను

పక్క చేలో చెరకు ఆకు కాలుతోంది. ఆ వాసనకి గట్టు మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నా చిన్నప్పుడు మా ఈ చేనికే మట్టి పరీక్ష చేయించారు. కార్డులో కర్బనం తక్కువని వచ్చింది. కర్బనమంటే బొగ్గని బడిలో చెప్పారు. ఏటా చెరకు కొట్టాక నాన్న ఆకు తగలబెడితే చేనంతా బొగ్గులా నల్లబడేది. మరి తక్కువెలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

"ఇంకా బాగా కాల్సాలేటి నాన్నా?" అని అడిగాను.

"కాల్సబట్టే తగ్గిపోయిందట. ఆకు కుళ్లితే పెరుగుతాదట. కుళ్లేదాకా ఎవుడాగుతాడు?" అన్నాడు నాన్న, అగ్గిపుల్ల గీస్తూనే.

ఇప్పుడు సాగు నాది. ఈసారి నేను కాల్చలేదు. ఆకు తడిపి వదిలేశాను. రోజూ వచ్చి కాలితో తిరగేస్తున్నాను, ఇంకా గరగరలాడుతూనే ఉంది. నా చేయి మాటిమాటికీ జేబులో అగ్గిపెట్టెను తడుముతోంది.