అరువు తెచ్చిన చెరువు

అరువు తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వనివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. గొడుగుల బావ అలాంటివాడు కాదు. ఎంత చిన్న వస్తువైనా సరే, శుభ్రంగా తుడిచి, విరిగితే అతికించి మరీ తప్పకుండా ఇచ్చేస్తాడు. కాకపోతే ఎవరి దగ్గర తెచ్చాడో వాళ్ళకి మాత్రం ఇవ్వడు.

ఆయన పని గొడుగులు బాగుచేయడం. ఆ ఊళ్ళో ఏడాదికి ఒక నెల వాన పడితే గొప్ప. ఆ పడిన నీళ్ళు కూడా వాగులోకి దూకి, వెనక్కి తిరిగి చూడకుండా పక్క ఊరికి వెళ్ళిపోయేవి. కాబట్టి బావ ఒక నెల గొడుగులు కుట్టేవాడు, మిగతా ఏడాదంతా ఊరు తిరిగి వస్తువులు అడిగేవాడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన బావే కావడంతో లేదనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు.

ఆయన భార్య బడిలో టీచరు. సుద్దముక్కల్ని కూడా పొడవు వరసన పేర్చుకునే మనిషి. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు దొరికాడు.

"ఏమండీ, ఆ జల్లెడ రొట్టెలావిడది. మీరు మంగలి కొట్టులో ఇచ్చొచ్చారట!"

"అవునా? ఇద్దరి గుమ్మాలూ ఒకేలా ఉంటాయి."

"ఆవిడది పై వీధి, ఆయనది కింది వీధి!"

"అదేమరి, వీధులు కూడా ఒకేలా ఉంటాయి," అనేవాడు బావ, ఎంతో బాధపడుతున్నట్టు.

వీధులు ఒకేలా ఉన్నా వాటి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఏనాడో ఎవరి కుర్చీలోనో ఎవరో కూర్చున్నారట. కూర్చున్నదెవరో, కుర్చీ ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మాటల్లేకపోవడం మాత్రం నిష్ఠగా సాగుతోంది.

జల్లెడ చూసి మంగలి లబలబలాడాడు. "జుట్టు జల్లించుకోమనా బావా?" అని అరిచేలోపు బావ సందు తిరిగేశాడు. రొట్టెలావిడ జల్లెడ మంగలికి ఎందుకు? తప్పనిసరై పై వీధికి మోసుకెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి దగ్గాడు. ఆవిడ తలుపు తీసింది. చేతిలో మంగలి అద్దం. అదీ బావ ఇచ్చిపోయిందే.

"మీ అద్దం వారం నుంచీ మా ఇంట్లోనే ఉందండీ," అంది ఆవిడ, తల పక్కకి తిప్పుకుని. "మంచి అద్దం. ఇందులో నేను నాజూగ్గా కనిపిస్తున్నాను."

"అందుకే నా కొట్టుకి అంతమంది వస్తారు," అన్నాడు మంగలి, గోడకి చెబుతున్నట్టు. ఆ పూట ఆయన వేడి రొట్టె తిని ఇల్లు చేరాడు.

ఇంకోసారి బావ గోడలో ఎలుక ఉందేమో విందామని కింది వీధి కాంపౌండరు దగ్గర స్టెతస్కోపు తెచ్చి, పై వీధి దర్జీకి ఇచ్చొచ్చాడు. దర్జీ దాన్ని టేపుతో పాటు మెడలో వేసుకుని రెండు రోజులు దర్జాగా తిరిగాడు. వెతుక్కుంటూ వచ్చిన కాంపౌండరు కొత్త చొక్కాకి కొలతలిచ్చి, ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుని, అరగంట కబుర్లు చెప్పి వెళ్ళాడు. టీచరమ్మ మాత్రం ఎప్పటిలాగే నలుగురిళ్ళకీ వెళ్ళి క్షమాపణలు చెప్పుకుంది.

ఆవిడకి అసలు దిగులు వేరే ఉంది. నీళ్ళు లేని ఊళ్ళో బడి నడపలేమని, వచ్చే ఏడు మూసేస్తామని పై అధికారులు చెప్పేశారు. మార్గం ఒక్కటే. పై వీధి పక్కన పోయే వాగుని కింది వీధి వెనక ఉన్న పల్లంలోకి మళ్ళిస్తే ఏడాది పొడుగునా నీళ్ళుండే చెరువవుతుంది. కట్ట ప్రభుత్వం వేస్తుంది. కాలువ మాత్రం రెండు వీధులూ కలిసి తవ్వాలి. కలిసి! అక్కడే వచ్చింది చిక్కు.

ఇంజనీరు మీటింగు పెడితే రెండు వీధుల జనం ఒకరికొకరు వీపులు తిప్పుకుని కూర్చున్నారు.

"మాకు దాహం లేదని వాళ్ళతో చెప్పండి సార్!"

"మాకు అంతకన్నా లేదని చెప్పండి!"

ఇలా చెప్పి, రెండు పక్షాలూ ఇంజనీరు సీసాలో నీళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. "వచ్చే నెల ఆఖరిసారి వస్తాను. అప్పటికీ ఇంతే అయితే చెరువు పక్క ఊరికి ఇచ్చేస్తాం," అన్నాడాయన, ఎండిన గొంతుతో.

ఆ నెలంతా బావ పారలూ గడ్డపారలూ తప్ప మరో వస్తువు అడగలేదు.

"గొడుక్కి గడ్డపార ఎందుకండీ?"

"బలమైన గాలొస్తేనో?" అన్నాడు బావ.

ఈసారి తప్పు ఇంటికి కూడా ఏదీ తిరిగి రాలేదు. ఊళ్ళో ఒక్క మొక్క నాటాలన్నా పార లేదు. అడిగినవాళ్ళందరికీ బావ ఒకే వాయిదా చెప్పాడు. ఆ ప్రకారం ఇంజనీరు రావలసిన రోజు పొద్దున్నే రెండు వీధులూ బావ పెరట్లోకి విరుచుకుపడ్డాయి. టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఈ గొడవతో బడి పని కూడా అయిపోయినట్టేనని కళ్ళనీళ్ళు తిరిగాయి.

బావ ముక్కాలిపీట ఎక్కాడు. "తోసుకోకండి. పిడి వదులైన పార రొట్టెలావిడది, బిగించాను. వంకర గడ్డపార మంగలిది. ఇదిగో దర్జీ, నీది. కాంపౌండరూ, నీది పొట్టిది, ఇటు రా..." ఒక్కటంటే ఒక్కటి తప్పు మనిషికి వెళ్ళలేదు.

"అంటే... ఏది ఎవరిదో నీకు మొదటినుంచీ తెలుసన్నమాట!" అన్నాడు మంగలి.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు జీపు ఆగింది. దిగి చూస్తే ఏముంది? రెండు వీధుల జనం కలగాపులగంగా ఒకేచోట, చేతుల్లో పారలతో! ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మయ్య! పారలతో సహా సిద్ధంగా ఉన్నారా! మా ఆవిడ నమ్మదు."

కాదని చెప్పడానికి రొట్టెలావిడ నోరు తెరిచింది. మంగలి వైపు చూసింది. మంగలి ఆవిడ వైపు చూశాడు. ఇద్దరి పెదాల చివరా నవ్వు మొలిచింది.

"కాలువ ఎక్కడినుంచి మొదలెట్టాలి సార్?" అంది ఆవిడ.

కాలువ తవ్వారు, కట్ట లేచింది. తొలి వానలకి వాగు పక్క ఊరి దారి మరిచి పల్లంలోకి దిగింది. బడి మూత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొత్త కట్ట మీద నీళ్ళు చూస్తూ కూర్చున్న రోజు టీచరమ్మ మొగుణ్ణి నిలదీసింది. "అన్నీ తెలిసే చేశారా?"

"సరైన ఇంటికిస్తే పని గుమ్మంలోనే అయిపోతుంది. తప్పింటికిస్తే ఇద్దరు మాట్లాడుకోక తప్పదు."

ఆవిడకి ఎంత గర్వమనిపించిందో అంత ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగి క్షమాపణలు చెప్పుకున్నానే! నాతో ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?"

"నీతో చెబితే," అన్నాడు బావ, "తెల్లారేసరికి ఎవరి వస్తువు వాళ్ళకి ఇచ్చొచ్చేదానివి."

టీచరమ్మ కాదని చెప్పబోయి, ఆలోచించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.