దొరకి పెట్టిన కార్జం

మా వదినకి కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అంటారు. అబద్ధం. ముక్కు మీద ఉంటే చేతిదాకా దిగడానికి కాస్త సమయం పట్టేది, ఎదుటివాడు ఈలోపు పారిపోయేవాడు. ఆమె కోపం చేతిలోనే ఉంటుంది.

మాది మాంసం కొట్టు. వదిన నరుకుతుంది, పెద్దన్నయ్య తూకం వేస్తాడు, నేను పొట్లాలు కడతాను. కత్తులు నూరే ఇనుప కడ్డీ ఎప్పుడూ ఆమె నడుముకి వేలాడుతుంటుంది. తూకం మీద అనుమానపడిన ఒక పెద్దమనిషి ముఖాన తొడ ఎముక విసిరింది. నీళ్ల గొట్టం పగిలితే, దాన్ని బాగుచేయడానికి వచ్చినవాడి చెంప పగిలింది. తన తల్లి పోయిన రోజున అంబులెన్సు డ్రైవరు చొక్కా చింపేసింది, ఆలస్యంగా వచ్చాడని. ఆమెకి ఏ కష్టం వచ్చినా ముందు కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఏడుపు తర్వాత. మా పెద్దన్నయ్య ఇరవయ్యేళ్ల కాపురంలో ఎన్ని దెబ్బలు తిన్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అలాంటి మనిషిని భరించడం ఒక ఎత్తు, ఆమె ఎవర్నో ప్రేమిస్తుంటే చూడడం ఇంకో ఎత్తు.

ఆమె ప్రేమించింది ఒక ఊసరవెల్లిని. మేకల కోసం తెచ్చిన ఆకుమోపులో వచ్చింది, చిటికెనవేలంత పిల్ల. కొట్టు ముందున్న కుర్రకారు రాళ్లు ఎత్తారు. వదిన కత్తి ఎత్తింది. కుర్రకారు మాయమయ్యారు. అది ఆమె ముంజేతి మీద ఒక్కో అడుగూ ఆలోచించుకుని వేస్తూ భుజం దాకా ఎక్కింది. "నడక చూడవే, దొరలా!" అంది నాతో. ఆ రోజు నుంచి అది దొర.

దొర పంజరాన్ని వదిన మేడ మీద చిన్నన్నయ్య గదిలో పెట్టింది, పొద్దుటి ఎండ వచ్చే కిటికీ అదొక్కటే కాబట్టి. చిన్నన్నయ్య దర్జీ. పెళ్లి చేసుకోలేదు, గది మూలన మిషను పెట్టుకుని కోట్లు కుడతాడు. అతని చేతి కుట్టంటే బజారులో గొప్ప పేరు. గదిలో పంజరం పెట్టుకోవచ్చా అని ఎవరూ అతన్ని అడగలేదు. పంజరం వచ్చింది, అంతే.

ఆరేళ్లు గడిచాక దొర ముసలిదైంది. నాలుక గురి తప్పేది. కీచురాయి ముందు కూర్చుంటే నాలుక పక్కన పడేది, కీచురాయి దర్జాగా నడిచిపోయేది. ఒక కన్ను లోపలికి పోయింది. తర్వాత కాళ్ల కీళ్లు ఉబ్బాయి, కొమ్మను పట్టుకోలేక పక్కకి ఒరిగిపోయేది. వదిన పొద్దున్నే ఆకుల మీద నీళ్లు చిలకరించి, ఒక్కో చుక్కా నాలుక మీద పడేదాకా కదలకుండా నిలబడేది. నడుం పట్టేసినా కదిలేది కాదు. మనుషులకి ఎన్నడూ ఇవ్వని ఓపిక అంతా ఆ జంతువుకి ఇచ్చింది. నాకు ఒళ్లు మండేది.

నాలుక గురి తప్పి అది తినడం తగ్గించిన దగ్గర్నుంచే ఆమె కొట్టులోంచి మంచి మేక కార్జం ఏరి, సన్నగా తరిగి, పుల్లకి గుచ్చి నోటికి అందించేది. కొనడానికి వచ్చినవాళ్లకి కార్జం అయిపోయిందని చెప్పేది. "బలం రావాలి దానికి. కార్జం కంటే బలమైంది ఏముంది?" అనేది. మాంసం కొట్టువాళ్లం, మాకు అది నిజమే అనిపించింది. ఎవరం కాదనలేదు.

ఒక పొద్దున నేను కింద కొట్టులో ఉండగా మేడ మీంచి కేక వినబడింది. పరిగెత్తాను. చిన్నన్నయ్య కుడిచెయ్యి పంజరంలో ఉంది, ఆ చేతిని వదిన పట్టుకుని ఉంది.

"ఏం పెడుతున్నావురా దానికి?"

"పెట్టడం లేదు వదినా, తీస్తున్నాను! నిన్నటి కార్జం కంపు కొడుతోంది. నేను పడుకునేది ఇక్కడే!"

"దానికి రోజురోజుకీ కాళ్లెందుకు వాస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. నీ గదిలో ఉందనేగా నీ కడుపుమంట!"

"నీకేమైనా పిచ్చా? చూడు, ఇదిగో ముక్క!"

ఆమె చూడలేదు. అతని చేతిని లాగి మిషను బల్ల మీద అదిమింది. నడుం నుంచి కడ్డీ తీసి వేళ్ల మీద కొట్టింది. ఆ చప్పుడు నేను ఎముకలు నరికేచోట రోజూ వింటాను, అన్నయ్య వేళ్ల నుంచి ఎప్పుడూ వినలేదు. మూడోసారి కడ్డీ లేచినప్పుడు నేను ఆమె మోచేతిని పట్టుకుని కొరికాను. నోట్లోకి రక్తం వచ్చింది. అప్పుడు వదిలింది. చిన్నన్నయ్య నేల మీద ముడుచుకుపోయి చేతిని పొట్టలో దాచుకున్నాడు. పంజరంలో దొర నల్లబడిపోయి నోరు తెరిచి బుసకొడుతోంది.

పెద్దన్నయ్య తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వదిన దొరని గుడ్డ సంచిలో పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి బయలుదేరింది. నేను ఆమె వెంట వెళ్లాను. విషం పెట్టారని డాక్టరు చెబితే వదిన తిరిగొచ్చి అన్నయ్యని చంపేస్తుందని నాకు భయం.

డాక్టరమ్మ దొర కాళ్లను తడిమింది, సూదితో కీలు నుంచి తెల్లని ముద్ద కాస్త లాగింది.

"విషమేనా? ఎవరు పెట్టారో నాకు తెలుసు" అంది వదిన.

"విషం కాదమ్మా. ఏం తినిపిస్తున్నారు?"

"మేక కార్జం. మేలైంది. మా కొట్టుదే."

"ఎన్నాళ్లుగా?"

"కీచురాళ్లు తినడం మానేసిన దగ్గర్నుంచీ. రోజూ."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "పురుగులు తినే ప్రాణి ఇది. కార్జం తింటే పుట్టే మలినాన్ని దీని కిడ్నీలు బయటికి పంపలేవు. అదంతా ఉప్పులా పేరుకుని కీళ్లలో చేరింది. ఆ వాపు అదే. ఇక మాంసం ముట్టించకండి. మందు చుక్కలు ఇస్తాను, నొప్పి తగ్గుతుంది. ముసలిది, ఎన్నాళ్లుంటుందో చెప్పలేను."

వదిన చెయ్యి లేచింది. నేను డాక్టరమ్మకి అడ్డంగా జరిగాను. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఉండి, సంచి మీద వాలింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నన్నయ్య కట్టు వేసిన చేతితో మంచం మీద ఉన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి, ఎప్పటి గొంతుతోనే, వీధంతా వినబడేలా చెప్పింది. "కార్జమేనట. నేనే చేశాను."

అతను లేచాడు. మిషను మీది పెద్ద కత్తెరని ఎడమచేత్తో అందుకున్నాడు. ఆమె చేతిలోని సంచిని కట్టున్న చేతి మోచేత్తో నొక్కిపెట్టి, దొర తల బయటికి రాగానే మెడకి రెండువైపులా కత్తెర పెట్టాడు.

"దీనికోసమేగా నా చెయ్యి తీసేశావు. ఇప్పుడిది పోతే?"

వదిన నడుం దగ్గర కడ్డీ ఉంది. తీయలేదు. "దాన్ని కాదు, నన్ను చెయ్యి ఏం చేస్తావో. దాన్ని వదులు బాబూ" అంది. ఆమె ఎవర్నైనా బతిమాలడం నేను వినడం అదే మొదలు. నరికెయ్ అన్నయ్యా అని నా మనసు అరిచింది. ఆ క్షణాన నాకు దొర మీద జాలి లేదు, ఆమె ఏడవాలి, అంతే.

అతను నొక్కాడు. కుడిచేతికోసం చేసిన కత్తెర అది. ఎడమచేతిలో దాని రెక్కలు ఎడంగా విడిపోతాయి, ఏదీ తెగదు. చర్మం నొక్కుకుంది, అంతే. ఇరవయ్యేళ్లుగా బట్ట కోస్తున్నవాడికి ఆ సంగతి తెలుసు, అయినా మరోసారి నొక్కాడు. అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. "చంపడానికి కూడా పనికిరాదు ఈ చెయ్యి!" అని కత్తెరని ఆమె మీదకి విసిరాడు. కనుబొమ మీద చీరుకుంది. వదిన రక్తాన్ని తుడుచుకోలేదు. పంజరం దగ్గరికి వెళ్లి దొర నోట్లో మందు చుక్కలు వేసింది. సగం కింద పడితే మళ్లీ వేసింది.

ఆ తర్వాత ఆమె మేడ మీద నెమ్మదిగా నడిచేది, గుసగుసగా మాట్లాడేది. కింద కొట్టులో మాత్రం మామూలే. పిల్లి దూరిందని వాకిట్లో బల్ల విరగ్గొట్టింది. మందుతో దొర కొన్నాళ్లు తేరుకుంది, పచ్చబడింది, ఒక మిడతని దానంతటదే పట్టింది కూడా. ఈలోపు చిన్నన్నయ్య కట్టు విప్పారు. రెండు వేళ్లు ముడుచుకోవు, సూది పట్టవు. ఒప్పుకున్న కోట్లన్నీ వేరే దర్జీకి ఇచ్చేసి, కొట్టులో నా పక్కన కూర్చుని పొట్లాలు కట్టడం మొదలుపెట్టాడు. దారం ముడి నేనే వేసేదాన్ని. వదిన అటువైపు చూసేది కాదు.

ఒక పొద్దున మేమంతా కొట్టు తెరుస్తుంటే వదిన మెట్లు దిగి వచ్చింది. అరచేతిలో దొర ఉంది. పక్కకి ఒరిగి, రంగు లేకుండా, కళ్లు మూసుకుని ఉంది. "పోయింది" అంది.

మాకు అలవాటే కదా. పెద్దన్నయ్య తక్కెడ వదిలి గోడవైపు జరిగాడు. నేను కత్తులు దూరంగా నెట్టాను. ఆమె కళ్లు మా ముఖాలన్నింటి మీదా తిరుగుతున్నాయి, దొరకి నీళ్లు పెట్టిన మనిషి ఎవరు, రాత్రి కిటికీ తెరిచిన మనిషి ఎవరు అని తప్పు పట్టడానికి వెతుకుతున్నాయి. కుడిచెయ్యి కడ్డీ మీదకి పోయింది.

చిన్నన్నయ్య ఒక్కడే కదల్లేదు. చేతిలోని పొట్లం పక్కన పెట్టి, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడెవర్ని కొడతావు వదినా?"

అతని గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు. వదిన కడ్డీ మీంచి చెయ్యి తీసింది. ఒక చేతిలో దొర ఉంది. రెండో చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.