నేను ఎంచిన గుబ్బల టైర్లు

మొన్న ఆషాఢంలో, వానలు ఇంకా గట్టిగా పట్టుకోకముందు, మా చిన్నమ్మాయి నన్ను వెంటబెట్టుకుని నాందేడులో ఒక టైర్ల దుకాణానికి తీసుకుపోయింది. పొలాల్లో సోలారు పంపులు బిగించే కంపెనీలో దానికి ఉద్యోగం. కిన్వట్, మాహూర్ వైపు ఊళ్ళన్నీ తిరగాలి. బస్సుల్లోనూ, వాళ్ళవీ వీళ్ళవీ మోటారు సైకిళ్ళ మీదా రెండేళ్ళు నెట్టుకొచ్చి, ఈ ఏడు నాలుగు చక్రాలూ లాగే పాత బండి ఒకటి కొనుక్కుంది. ఇంజను మంచిదే గాని టైర్లు అరిగి నున్నబడిపోయాయి. దుకాణదారు రెండు రకాలు దొర్లించుకొచ్చి గోడకు ఆనించి నిలబెట్టాడు. ఒకటి ఏటీ అట, అన్ని దారులకూ పనికివచ్చేది. దాని గుబ్బలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండోది ఎంటీ, అచ్చంగా బురద కోసం చేసింది. దాని గుబ్బలు ఒక్కొక్కటీ నా పిడికిలంత, వాటి మధ్య సందులో నాలుగు వేళ్ళు దూరతాయి. ఆయన మరాఠీలో రెండింటి మంచీచెడ్డా వివరించి, మా అమ్మాయి ఎటూ తేల్చుకోలేకపోతుంటే, "కాకా, తుమ్హీచ్ సాంగా", మీరే చెప్పండి అని నిర్ణయం నాకు వదిలేశాడు. మా అమ్మాయి కూడా నా మొహంలోకే చూసింది. సర్కారు జీపు నడిపి నడిపి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి, నన్ను కాక ఎవరిని అడుగుతారు.

నేను ఆ పెద్ద గుబ్బల టైరు మీద చెయ్యి వేశాను. కొత్త రబ్బరు వాసన వచ్చింది. ఏదో ఒకటి అనిపించాలి, ఏమీ అనిపించలేదు. కాసేపు టీ తాగి చెబుతానని బయటికి వచ్చి, పక్కనున్న హోటలు బెంచీ మీద కూర్చున్నాను.

మాది బిలోలి తాలూకాలో మంజీరకు దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో హిందీ మాట్లాడుకుంటూ పెరిగిన నా ఈడు వాళ్ళకు ఆ ఊళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మాకు సెంటు భూమి లేదు. మా బాపు పరాయి చేలల్లో పని చేసేవాడు. జొన్న వేయాలా పత్తి వేయాలా, అరక ఇవాళ కట్టాలా రేపు కట్టాలా, ఇవన్నీ ఆయన చేతుల మీదుగా జరిగేవే గాని, ఏ ఒక్కటీ ఆయనను అడిగి జరిగింది కాదు. ఆయన కూడా ఎవరైనా అడుగుతారని ఎదురుచూసినట్టు నాకు గుర్తు లేదు. ఆ ఇంట్లోంచి వచ్చి, లారీ నడపడం నేర్చుకుని, సర్కారు దవాఖానా జీపుకు డ్రైవరునైతే మా వాడకట్టంతా నన్ను చూసి పోవడానికి వచ్చింది.

నన్ను వేసింది సర్ఖని అవతల, అడవి అంచు ఊళ్ళ వైపు. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు. మిగతా రోజులు జీపులో ఉండేది నేనూ నర్సుబాయీ. ఆమెది నిజామాబాదు దిక్కు. యాభై దాటిన మనిషి, ఒంటరిది, గోండు గూడేల్లో ఇరవై ఏళ్ళు తిరిగి వాళ్ళ మాట వాళ్ళకంటే బాగా మాట్లాడేది. నేను తెలుగువాణ్ణని తెలిసిన మొదటి రోజే నన్ను తమ్మీ అనడం మొదలుపెట్టింది. నాకు అక్క అయిపోయింది. ఆమె డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర ఎప్పుడూ ఇద్దరికి సరిపడా ఉండేవి, నేను తెచ్చుకున్నా సరే. సూదికి భయపడే పిల్లల్ని ఆమె ఊరుకోబెట్టే తీరు చూస్తూ నేను బానెట్టు మీద కూర్చునేవాణ్ణి. నా జీవితంలో మంచి రోజులు ఏవని అడిగితే, ఇప్పటికీ అవే అని చెప్పాలి.

రెండో ఏడు వానాకాలానికి ముందు జీపు టైర్లు మార్చవలసి వచ్చి నాందేడు పోయాను. స్టోరు చూసే పెద్దమనిషి దగ్గర రెండు సెట్లున్నాయి: ఒకటి సన్న చారల మామూలు రోడ్డు టైర్లు, ఇంకొకటి, ఎందుకు తెప్పించారో ఎవరికీ గుర్తులేని పెద్ద గుబ్బల టైర్లు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, బండి నడిపేది నువ్వు, ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు. ఇంత చిన్న మాట మీకు విచిత్రంగా తోచవచ్చు గాని, నా బతుకులో ఒక పెద్ద విషయం గురించి నా ఇష్టమేమిటని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. గుబ్బలవి కావాలన్నాను.

నల్లరేగడిలో బండి నడిపినవారికి ఆ ఎంపిక ఎందుకో వెంటనే అర్థమవుతుంది. ఆ మట్టి తడిస్తే మట్టిలాగ ఉండదు, మైనం లాగ అంటుకుంటుంది. మామూలు టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి చారలన్నీ పూడుకుపోయి, రొట్టెల కర్ర తిరిగినట్టు ఉన్నచోటనే తిరుగుతుంది. గుబ్బల టైరు అట్లా కాదు. తిరిగేకొద్దీ సందుల్లోని బురదను వెనక్కి విసిరేస్తూ కింది గట్టి నేలను వెతికి పట్టుకుంటుంది. గాలి కొంచెం తగ్గిస్తే ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ మృగశిర కార్తెలో, అంతకు ముందు ఏడు మేము బండి వదిలి నడిచిపోయిన గూడేలన్నింటికీ జీపు గుడిసెల ముందుదాకా పోయింది. జనం వచ్చి టైర్లను తాకి చూసేవాళ్ళు. ఆ టైర్లు నేను ఎంచినవని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

డాంబరు రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం అవి తేనెతుట్టె కదిలినట్టు మోత చేసేవి. నర్సుబాయి చెవులకు కొంగు చుట్టుకునేది. ఒక సాయంత్రం చినుకుల్లో, మేకలు అడ్డం వస్తే బ్రేకు తొక్కితే, జీపు ఆగవలసిన చోటు దాటి రెండు బారలు ముందుకు జారి ఆగింది. మేకలకేమీ కాలేదు. ఆమె చెవుల మీది కొంగు తీసి మెల్లగా అంది.

"తమ్మీ, తడి రోడ్డు మీద ఇది నీ మాట ఇంటలేదు. ఒకసారి అడిగి మార్పియ్యరాదూ."

గుబ్బల టైరుకు రోడ్డును అంటుకునే రబ్బరు తక్కువ అన్న సంగతి అప్పుడు నాకు తెలియదని చెప్పుకోవచ్చు. కాని చేతికి స్టీరింగు తెలుసు, కాలికి బ్రేకు తెలుసు, నాకూ తెలుసు. నేను నవ్వి ఊరుకున్నాను.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, రెండు వాగుల అవతలి గూడెం నుంచి ఒక ముసలాయన తడిసి ముద్దయి నడిచివచ్చాడు. కోడలికి నొప్పులు మొదలై ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయట, బిడ్డ అడ్డం తిరిగిందట. మేము వెంటనే బయలుదేరాము. మొదటి వాగు బానెట్టు తడిసేంత లోతు. రెండోదాని గట్టు మీద బురద మోకాలెత్తు. ఆ గట్టు ఎక్కడానికి ఆ రోజు పడ్డ అవస్థ, చక్రాలు బురద చిమ్ముతూ అంగుళం అంగుళం పైకి పాకడం, పైన నేల దొరకగానే ముసలాయన జీపు తలుపును రెండు చేతులతో మొక్కడం, ఇవన్నీ నాకు స్పష్టంగా గుర్తున్నాయి. గూడెం చేరి, ఆ కోడలిపిల్లను గొంగడిలో ఎత్తి వెనక బల్ల మీద పడుకోబెట్టాము. నర్సుబాయి ఆమె తలను తన ఒడిలో పెట్టుకుని, బండి కుదుపు ఆమెకు తగలకుండా రెండు చేతులా పొదివి పట్టుకుంది. వచ్చిన దారినే మళ్ళీ దాటుకుని, ఏమీ కాకుండా డాంబరు రోడ్డు ఎక్కాము. అక్కడికి వచ్చాక నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇక ప్రమాదం గడిచిందనుకున్నాను.

సన్నటి జల్లు పడుతోంది. గుబ్బల సందుల్లో ఇంకా బురద ఉంది. ఒక మలుపు తిరగగానే దారికి అడ్డంగా ఎడ్లబండి. వేగం ఎక్కువ లేదు, ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలను. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. అది పక్కకు తిరిగి, వెనక భాగం దారి కింది మోరీ గోడకు కొట్టుకుంది.

గర్భిణికి భుజం గీసుకుపోయింది, అంతే. ఆమెను పట్టుకున్న చేతులు వదలకపోవడం వల్ల నర్సుబాయి తనను తాను పట్టుకోలేకపోయింది. తల ఇనుప కమ్మీకి తగిలింది. దారిన పోతున్న ఒక లారీవాడు అందరినీ ఎక్కించుకుని కిన్వట్ తీసుకుపోయాడు. లారీలో నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అక్కా అని ఒకసారి పిలిచాను. రెండోసారి పిలవలేదు. రాత్రి పొద్దుపోయాక ఆ పిల్లకు డాక్టర్లు ఆపరేషను చేసి బిడ్డను తీశారని, ఆడపిల్ల అని, ఇద్దరూ క్షేమమని ఎవరో వచ్చి చెప్పారు. మంచిదన్నాను. ఎవరో అన్నం పెట్టారు, తిన్నాను. చేతులకు అంటిన మట్టి కడుక్కున్నాను. నిజామాబాదు నుంచి నర్సుబాయి అన్న వచ్చి నా భుజం పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టినట్టు గుర్తు. అందరూ నాది గట్టి గుండె అన్నారు. గట్టిదో మెత్తదో, అక్కడ ఏమీ లేదు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. వేగమెంత అని అడిగాడు, తాగి ఉన్నావా అని అడిగాడు, బ్రేకులు ఎప్పుడు బిగించారని అడిగాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. టైర్ల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా వాంగ్మూలంలో మరాఠీలో దారి తడిగా ఉందని రాశారు. అది అబద్ధం కాదు. నేను సంతకం పెట్టాను. పదిహేను రోజుల తరవాత బాగుచేసి తెచ్చిన అదే జీపును, అవే టైర్లతో మళ్ళీ నడిపాను. మార్చమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. అవి పూర్తిగా అరిగేదాకా మరో రెండు వానాకాలాలు నడిపాను. వాటి మీద ఇంకా చాలామందిని దవాఖానాకు చేర్చాను. ఆ కాలమంతా మంచి డ్రైవరునని పేరే వచ్చింది. పెళ్ళి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు, బదిలీ మీద ఉమ్రికి, అక్కడినుంచి నాందేడుకు వచ్చాను. అన్నీ ఎవరికో జరుగుతున్నట్టు జరిగాయి. మా ఇంటావిడకు జీపు బోల్తా పడిందనీ ఒక నర్సు పోయిందనీ మాత్రమే తెలుసు. జీపు బోల్తా కూడా పడలేదు, నేను సరిదిద్దలేదు.

టీ చల్లారిపోయింది. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, ఏమైంది బాపు, ఒంట్లో బాగలేదా అని అడిగింది. అప్పుడు ఎందుకు చెప్పానో తెలియదు, బస్సు వేళలు చెప్పినట్టు మొత్తం చెప్పాను. అది మధ్యలో ఒక్కసారీ అడ్డుపడలేదు. అంతా అయ్యాక అడిగింది.

"ఆమె బతికింది గదా, ఆ గూడెం ఆమె?"

"బతికింది. బిడ్డ గూడ."

"మరి మామూలు టైర్లే ఉంటే?"

"రెండో వాగు కాడ్నే ఆగిపోతుంటిమి. ఆమె ఆడ్నే సచ్చిపోతుండె."

 అది ఇక నన్ను ఓదారుస్తుందేమో, నువ్వు ఒక ప్రాణం కాపాడినవు అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"నర్సుబాయి నీకు ముందే చెప్పింది గదా బాపు, బ్రేకు పడ్తలేదని. నువ్వేమన్నవ్?"

"నవ్విన."

ముప్పై అయిదేళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే ఏదో కూలిపోతుందని అనుకుంటూ వచ్చాను. ఏదీ కూలలేదు. మా అమ్మాయి చెయ్యి నా చేతి మీద పెట్టింది, అది వెచ్చగా ఉందని తెలిసింది. కొంతసేపటికి అది లేచి, నెలలో ఇరవై రోజులు తను డాంబరు మీదనే ఉంటుందని, ఏటీలే వేయిస్తానని, బురద వచ్చిన చోట బండి ఆపి నడుస్తానని చెప్పి లోపలికి పోయింది. ఏది వేయించాలో నేను చెప్పనేలేదు; అది మళ్ళీ అడగనూ లేదు.

ఆ టైర్లు వేయించాక తొలి వానలకు మా అమ్మాయి పని మీద ఆ గూడెం వైపు పోతూ నన్ను కూడా తీసుకుపోయింది. రెండు వాగుల మీదా వంతెనలు వచ్చాయి. గూడెందాకా సిమెంటు దారి ఉంది, దాని మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఎవరికైనా నొప్పులు వస్తే ఫోను చేస్తారట, తెల్లటి బండి ఇంటి ముందుకు వస్తుందట. ఆ బండి నడిపేవాడికి చక్రాల కింద ఏ రబ్బరుందో పట్టించుకోవలసిన అవసరం లేదు. ముప్పై దాటిన ఆడమనిషి ఒకామె గడప ముందు చేటలో కందులు చెరుగుతోంది. ఆనాడు పుట్టిన బిడ్డేనేమో, కాదేమో, అడగాలంటే నాకు పేరు తెలియదు. బండి దిగలేదు. ఆ మట్టిలో మేము నడిచిన కాలం, ఒకరి డబ్బాలో అన్నం మరొకరు తిన్న కాలం, ఆ సిమెంటు కిందికి పోయాయి. మంచిదే. ఇక ఎవరూ రెండింట్లో ఒకటి ఎంచుకోనక్కరలేదు. నర్సుబాయి నాతో అన్న మాటలన్నీ ఇప్పటికీ అప్పజెప్పగలను. ఆమె గొంతు మాత్రం ఎట్లా ఉండేదో, తిరిగి వచ్చే దారి పొడుగునా గుర్తు చేసుకోవాలని చూశాను. రాలేదు.