మా జట్కా గుర్రానికి రక్తపరీక్ష

మొన్న నందిగామలో షుగరు పరీక్షకని వెళితే, రక్తం తీసే అమ్మాయి నా చేతికి పట్టీ బిగించి, "అటు చూడండి మామ్మగారూ, అయిపోతుంది" అంది. అటు తిరిగానే గాని, స్పిరిట్ వాసన సోకగానే నా మనసు చిన్ననాటి జగ్గయ్యపేటకు, మా నాన్న జట్కా దగ్గరకు పోయింది. ఆ వాసనకే హడలిపోయే ప్రాణి ఒకటి మా ఇంట్లో ఉండేది.

జట్కా ఎక్కిన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బరువు సరిగా తూగాలని బండితోలేవాళ్ళు మనల్ని ముందుకో వెనక్కో జరుపుతూనే ఉండేవారు. మా గుర్రం పొట్టిది, దాన్ని రాణి అనేవాళ్ళం. నాన్న "ఇంకాస్త ముందుకు జరగండమ్మా" అన్నారంటే మనుషులు ఎక్కుతున్నారని దానికి తెలుసు. పక్కన లారీ హారన్ మోగినా, ఆయన నాలుకతో టక్కుమనిపించేదాకా కాలు కదిపేది కాదు.

ఒక ఏడు వానలు వెలిసి జోరీగలు ముసిరే రోజుల్లో రాణికి జ్వరం వచ్చి పోతూ, ఉలవలు ముట్టక, డొక్కలు ఎండిపోయాయి. రక్తంలో పురుగు చేరినట్టుంది, మందు చాలా ఘాటైనది కాబట్టి ముందు రక్తం తీసి బెజవాడ పంపించి చూడాలి, మందు పడ్డాక మళ్ళీ చూడాలి అన్నారు పశువుల డాక్టరుగారు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ బేరాల డబ్బు ఇంటి కప్పు కోసమని పాలడబ్బాలో దాచి ఉంచాం. నాన్న దాన్ని నేలమీద కుమ్మరించి, మొదటి పరీక్షకొకటి, రెండో పరీక్షకొకటి, మందుకొకటి, జట్కా నడవని రోజుల్లో మా తిండికొకటి అంటూ కుప్పలు వేశారు. అమ్మ తిండి కుప్పలోంచి కొంత తీసి మందు కుప్పలో కలిపింది.

లెక్క కుదిరింది గాని రాణి కుదరనివ్వలేదు. జబ్బు ప్రాణికి బండి బరువెందుకని మేం దాన్ని ఒట్టిగా నడిపించుకుపోతే, స్పిరిట్ వాసన సోకి, సూది కంటబడగానే ముందరి కాళ్ళు పైకెత్తింది. నాన్న భుజానికి దెబ్బ తగిలింది, సీసా పగిలింది. రెండోసారీ అంతే. కొత్త సూదులకీ సీసాలకీ రెండో పరీక్ష కుప్ప సగం కరిగిపోయింది, రాణి నిలబడటానికే తూలుతోంది, నాన్న అన్నం మానేశారు. అప్పుడు మా నాయనమ్మ, "బండి కట్టరా, మనుషులెక్కితే అది కదలదు" అంది.

మర్నాడు దాని కళ్ళకు గంతలు పెట్టి, బండి కట్టి, నాయనమ్మా అమ్మా చెల్లీ నేనూ ఎక్కాం. నిజంగా ఊరెళుతున్నట్టు అమ్మ ఒళ్ళో మూట కూడా పెట్టుకుంది. ఆస్పత్రి ఆవరణలో నాన్న ముందుకు జరగమన్నారు. జరిగాం. సూది మెడలో దిగింది. రాణి ఒళ్ళంతా జలదరించింది గాని, వెనకాల మేమున్నామని కాలు కదపలేదు.

రోగం తేలింది. మందుకీ, రెండో పరీక్షకీ అలాగే ఎక్కి కూర్చున్నాం. రాణి బతికింది, అమ్మ పరమాన్నం వండింది. కానీ మళ్ళీ స్టాండుకు వెళ్ళిన రోజున, ఎవరో దంపతులు ఎక్కితే నాన్న ముందుకు జరగమన్నారో లేదో, అది నిలువెల్లా వణికి మెడ ముడుచుకుంది. వాళ్ళు భయపడి దిగిపోయారు. ఎన్నాళ్ళు చూసినా అంతే. నాన్న దాన్ని కొట్టలేదు, ఎవరికీ అమ్మెయ్యలేదు. బండి మాత్రం అమ్మేసి మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరారు. ఇంటికి రాగానే ఒంటిమీది పొట్టు కూడా దులుపుకోకుండా ముందు దానికి గడ్డి వేసేవారు. అన్ని కుప్పలు వేసిన మనిషికి ఈ ఖర్చు తోచలేదు, మాకెవరికీ తోచలేదు.

ఇప్పుడు రక్తపరీక్ష ఫలితం ఇంటికి చేరేలోపే ఫోనుకు వస్తోంది, మంచిదే. జట్కాల స్టాండు ఉన్నచోట ఆటోలు నిలబడుతున్నాయి. మొన్న పరీక్ష చేయించుకుని తిరిగి వస్తూ ఆటో ఎక్కితే, ఇంకొకరిని ఎక్కించుకోవడానికి డ్రైవరు వెనక్కి తిరిగి, "కాస్త ముందుకు జరగండి మామ్మగారూ" అన్నాడు. జరిగాను. దూది అంటించిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.