పాత పెట్టె మూయనన్న గంగామణి

ఆర్మూరులో గంగామణిని గర్విష్ఠి అనేవాళ్ళు చాలామంది. నిజమే. పని వచ్చినవాళ్ళు అణకువగా కూడా ఉండాలన్న నియమం ఎవరు పెట్టారో తెలియదు. తండ్రి పసుపు మార్కెట్‌లో హమాలీ. ఆమె బీడీలు చుడుతూ డిగ్రీ చదివి, నిజామాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకుని, 1998లో బుచ్చన్న పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌లో చేరింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సెంటర్ చిరునామాకు మెయిల్ పంపితే ఇంటివాళ్ళకు చదివి వినిపించేది.

మరుసటి ఏడు బుచ్చన్న మెయిల్ కంపెనీని మార్చదలచాడు. గురువారం సాయంత్రం అయ్యగారిని అడిగి శుక్రవారం పొద్దుటికే ముహూర్తం పెట్టించాడు.

మన పేరుకు వచ్చే మెయిల్‌ను ఏ మిషన్‌కు అప్పగించాలో చెప్పే రికార్డు ఒకటుంటుంది. ఎమ్మెక్స్ అంటారు. మార్చడం క్షణం పని. కానీ మెయిల్ పంపే బయటి సర్వర్లు ప్రతిసారీ దాన్ని అడగవు. ఒకసారి తెలుసుకున్న జవాబును, దానిమీద రాసి ఉన్న గడువు తీరేదాకా దాచుకుంటాయి. ఇక్కడ గడువు ఒక రోజు. ముందు ఆ గడువు తగ్గించి, ఒకరోజు ఆగి, అప్పుడు మార్చాలని గంగామణికి తెలుసు. ముహూర్తం ఆ రోజును మిగల్చలేదు.

శుక్రవారం కొబ్బరికాయ కొట్టారు, రికార్డు మార్చారు. మోర్తాడ్ నుంచి వచ్చిన నీలవ్వ అప్పటికే బెంచీమీద కూర్చుని ఉంది. మస్కట్ దవాఖానలో ఆమె పెనిమిటికి కడుపు ఆపరేషన్. కబురు మెయిల్‌లో పంపుతానన్నాడు అతని రూములో ఉండే ఎంకటి.

కొత్త కంపెనీలో తెరిచిన మెయిల్ పెట్టె ఖాళీగా ఉంది.

పాత కంపెనీకి చెయ్యడానికి బుచ్చన్న ఫోన్ అందుకున్నాడు. "పాతది బంద్ జెయ్యమని చెప్త. రెండిండ్లల్ల పొయ్యి ఎలిగిస్తరా ఎవరన్న?"

"ఫోన్ పెట్టుర్రి సేట్. మస్కట్ మిషిన్ నిన్ననే అడిగి పెట్టుకుంటే ఇయ్యాల గూడ పాత తావుకే తెస్తది. మీ ముహూర్తం దానికెవరు జెప్పిండ్రు?"

"పాతది మూస్తే ఏమైతది?"

"కబురు ఎన్కకు మర్లి మస్కట్‌కే పోతది. గీ అవ్వకు జవాబు మీరు చెప్తరా?"

బుచ్చన్న నీలవ్వ వైపు చూసి ఫోన్ పెట్టేశాడు. అంతకుమించి ఒప్పుకునే మనిషి కాడు.

గంగామణి అదే ఫోన్ లైనులో ఇంటర్నెట్ మళ్ళీ కలిపి పాత పెట్టె తెరిచింది. మధ్యాహ్నం దాకా మళ్ళీ మళ్ళీ తెరిచి చూడడమే పని. చివరికి ఎంకటి మెయిల్ అందులోనే దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఆమె గట్టిగా చదివింది: "ఆపరేషన్ మంచిగయింది. మాట్లాడిండు. చాయ్ గూడ తాగిండు."

దేవుడి దయ అన్నాడు బుచ్చన్న. దేవుడి సంగతి ఏమో గాని, పెట్టె తెరిచి ఉంచింది గంగామణి.

"ఇగ పాతది మూద్దమా?" అని కూడా అడిగాడు.

"లేదు సేట్. ఇంకా మస్తు ఊర్లకెల్లి వస్తయి, ఆగుర్రి."

నీలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని మిషన్ దగ్గరికి జరిగింది. "చాయ్ తాపిండ్రా? షుగరున్నది గాయనకు. చక్కెర ఎయ్యొద్దని జర రాయి బిడ్డా."

గంగామణి రాసింది.