పేరు చెప్పని ప్రార్థన

తొంభైలలో ఢిల్లీలోని ఒక క్రైస్తవ కళాశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఉదయపు సభలో ప్రార్థన వంతు నాదైన రోజు ప్రిన్సిపాల్ తన గదికి పిలిచారు.

"బ్రదర్, యేసు పేరెత్తకండి. అన్ని మతాల పిల్లలున్నారు, నొచ్చుకుంటారు."

ఆయన వెనక గోడమీది నిలువెత్తు సిలువ మాత్రం ఎవరినీ నొప్పించదు కాబోలు.

నేనూ పిరికివాణ్ణే. సభలో ఎవరి నామమున అడుగుతున్నానో చెప్పకుండానే ఆమేన్ అనేశాను.

సభ నుంచి బయటికి రాగానే, మిలిటరీ కంటోన్మెంట్ నుంచి చదువుకోడానికి వచ్చే తెలుగు హిందువుల అమ్మాయి పట్టుకుంది.

"సర్, ఈరోజు మీ దేవుడి పేరే చెప్పలేదేం? మా అమ్మ పూజలో మా గోత్రంతో సహా చెప్తుంది. అడ్రస్ లేకపోతే ఎలా చేరుతుంది?"

మరుసటి వంతులో యేసు నామముననే అడిగాను. సభ మొత్తంలో నొచ్చుకున్నది ఒక్క ప్రిన్సిపాలే.